గడప దగ్గరి ధర్మం: అణుదాడి సన్నద్ధతపై ఒక విచారణ

అణుదాడి నుంచి ప్రాణాలతో బయటపడటానికి ఒక కుటుంబం ముందుగానే నీళ్ళు, తిండి, తలదాచుకునే చోటు సిద్ధం చేసుకోవడం ధర్మమా, స్వార్థమా, లేక దేవుడి మీద నమ్మకం చాలకపోవడమా అన్నది పైకి విడ్డూరంగా వినిపించే ప్రశ్నే. కాని భారతీయ ధర్మచింతన చాలాకాలంగా తర్కిస్తూ వచ్చిన మూడు చిక్కులు ఇందులో పెనవేసుకుని ఉన్నాయి. దైవానికీ పురుషకారానికీ, అంటే మనిషి తన వంతుగా చేసే ప్రయత్నానికీ, ఉన్న సంబంధం మొదటిది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మామూలు నియమాలను ఎంతవరకు సడలించుకోవచ్చన్నది రెండోది. దాచుకున్నదానిలో ముక్కూమొహం తెలియనివాడికి వాటా ఉందా అన్నది మూడోది. మొదటి రెండింటికీ శాస్త్రాలు చాలావరకు తేటగానే జవాబు చెప్పాయి. తెగనిది మూడోదే, తిరుపతి పక్కనున్న రేణిగుంట లాంటి ఊళ్ళో అయితే అసలు ప్రశ్న కూడా అదే.

ఈ విచారణ గాలిలోంచి పుట్టినది కాదు. 2025 మే 7 సాయంత్రం 4 గంటలకు కేంద్ర హోంశాఖ ఆదేశం మేరకు 'ఆపరేషన్ అభ్యాస్' పేరుతో దేశంలోని 244 పౌర రక్షణ జిల్లాలను ఉద్దేశించి మాక్ డ్రిల్ జరిగినప్పుడు, తెలుగు రాష్ట్రాల్లో విశాఖపట్నంలోను హైదరాబాద్‌లోను సైరన్లు మోగాయి. అదే రోజు తెల్లవారకముందే సరిహద్దు అవతల పాకిస్తాన్‌లో భారత్ దాడులు మొదలై ఉండటం వల్ల ఆ సైరన్లను ఎవరూ ఉత్తుత్తివిగా వినలేదు. పౌర రక్షణ అంటే సైన్యంతో సంబంధం లేకుండా, దాడి సమయంలో సాధారణ జనం ప్రాణాలనూ ఆస్తులనూ కాపాడే ఏర్పాటు. దానికి 1968 నాటి చట్టం ఆధారం. అణు ప్రమాదాల విషయంలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లో ప్రత్యేకంగా మార్గదర్శకాలు వెలువరించింది. అయితే ఆ పుస్తకం ప్రధానంగా శాఖలకూ అధికారులకూ బాధ్యతలు పంచిపెట్టేదే గాని, రేణిగుంట బజారు వీధిలో ఇద్దరు పిల్లలతోను ఒక ముసలి తల్లితోను ఉండే గృహస్థు తన మనసులో తేల్చుకోవలసిన సంగతుల జోలికి పోదు, పోనవసరమూ లేదు. ఆ పని ధర్మవిచారణది.

రేణిగుంట స్వభావాన్ని ఒకసారి గమనించాలి. చెన్నై–ముంబై రైలుమార్గమూ గూడూరు–కాట్పాడి మార్గమూ ఇక్కడ కలుస్తాయి. తిరుపతి విమానాశ్రయం ఉన్నదీ ఇక్కడే. తిరుమల కొండకు పోయేవాళ్ళు, కాళహస్తిలో రాహుకేతు పూజ చేయించుకుని తిరిగి వచ్చేవాళ్ళు, ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో షిఫ్టుకు దిగేవాళ్ళు, బండి మారడానికి ప్లాట్‌ఫారం మీద తువ్వాలు పరుచుకుని పడుకున్నవాళ్ళు కలిసి ఈ ఊరి జనాభాను గంటగంటకూ మారుస్తుంటారు. అంటే ఏ క్షణంలో సైరన్ మోగినా, ఊళ్ళో ఉన్నవారిలో ఇక్కడ ఇల్లూవాకిలీ లేనివారు చాలామందే ఉంటారు. స్వీయ సన్నద్ధత మీద ప్రపంచంలో వచ్చిన పుస్తకాలు సాధారణంగా ఒక ఇంటినీ, ఆ ఇంటికి ఒక యజమానినీ, ఒక తాళాన్నీ ముందే ఊహించుకుంటాయి. రేణిగుంట స్టేషన్లో బోడిగుండ్లతో కూర్చున్న యాత్రికుల కుటుంబానికి ఆ మూడూ లేవు.

చరిత్ర కూడా ఈ ఊరిని ఆ వైపే నిలబెడుతుంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాక, తరువాతి వంతు తమదేనన్న భయంతో మద్రాసు నగరం పెద్ద ఎత్తున ఖాళీ అయి, జనం రైళ్ళలోను బండ్లలోను తీరానికి దూరంగా ఉన్న జిల్లాల వైపు తరలిపోయారు. మద్రాసు నుంచి వాయవ్యంగా పోయే రైలుమార్గం రేణిగుంట మీదుగానే పోతుంది. చెన్నై ఇక్కడికి నేరుగా కొలిస్తే సుమారు వంద కిలోమీటర్లు, శ్రీహరికోట అంతకన్నా తక్కువ. రేణిగుంటే లక్ష్యమవుతుందా అన్నది సైనిక వ్యూహకర్తల లెక్క. లక్ష్యమైన చోటి నుంచి పారిపోయి వచ్చేవారికి ఇది మొదటి మజిలీ అవుతుందన్నది మాత్రం పటం చూసిన ఎవరికైనా తెలిసే సంగతి.

ధర్మం సంగతి చెప్పుకునేముందు పదార్థం సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే ఏది సాధ్యమో తెలియకుండా ఏది కర్తవ్యమో తేలదు. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద పడ్డ బాంబు శక్తి సుమారు 15 కిలోటన్నులు, అంటే 15 వేల టన్నుల టి.ఎన్.టి. మందుగుండు ఒక్కసారిగా పేలినంత; ఆ ఏడాది చివరికి చనిపోయినవారు దాదాపు 1,40,000 మంది అని అంచనా. పేలుడు కేంద్రానికి దగ్గరలో ఉన్నవారిని ఏ సన్నద్ధతా కాపాడలేదన్నది నిజమే. అయితే ఆ కేంద్రానికి 170 మీటర్ల దూరంలోనే ఒక కాంక్రీటు భవనపు నేలమాళిగలోకి కాగితాల కోసం దిగిన ఉద్యోగి ఒకరు బతికి బయటపడి, మరో ముప్ఫై ఏళ్ళకు పైగా జీవించారన్నదీ అంతే నిజం. కేంద్రం నుంచి దూరం జరిగేకొద్దీ బతుకుచావులను నిర్ణయించేది అణుధూళి. పేలుడు నేలను తాకినప్పుడు పైకి లేచిన మట్టి, రేడియోధార్మిక పదార్థాలతో కలిసి, గాలివాటున పదులూ వందలూ కిలోమీటర్లు పోయి బూడిదలా రాలుతుంది. దానికే అణుధూళి అని పేరు. ఆ ధూళి ఎటు పోతుందన్నది పైగాలుల మీద ఆధారపడుతుంది. తిరుపతి–చిత్తూరు దారిలోని గాదంకిలో 1992 నుంచి పనిచేస్తున్న రాడార్ కేంద్రం సరిగ్గా ఆ ఎత్తుల్లోని గాలులనే కొలుస్తూ ఉండటం ఈ ప్రాంతానికి ఉన్న ఒక వసతి, దాని గురించి ఇక్కడివారు పెద్దగా మాట్లాడుకోకపోయినా.

అణుధూళికి ఒక బలహీనత ఉంది, అది తొందరగా చల్లారుతుంది. కాలం ఏడు రెట్లయినప్పుడల్లా దాని తీవ్రత సుమారు పదో వంతుకు పడిపోతుందన్నది స్థూలమైన లెక్క. పేలుడు జరిగిన గంటకు ఉన్న తీవ్రత ఏడు గంటలకు పదో వంతు, రెండు రోజులకు నూరో వంతు, రెండు వారాలకు వెయ్యో వంతు అవుతుంది. అందుకే మొదటి ఇరవైనాలుగు గంటలు గోడల మధ్య ఉండటం మిగతా ఉపాయాలన్నిటికన్నా మేలు చేస్తుంది. కిరణాలను ఆపేది మందమూ బరువూ. ఆరు సెంటీమీటర్ల కాంక్రీటు గాని, తొమ్మిది సెంటీమీటర్ల గట్టిగా అణచిన మట్టి గాని వాటిని సగానికి తగ్గిస్తుంది. ఈ లెక్క పట్టుకుని రేణిగుంట చుట్టుపక్కల ఇళ్ళను చూస్తే కొంచెం ఆశ్చర్యమే కలుగుతుంది: రేకుల ఇల్లు దాదాపు ఏమీ ఆపదు, నాలుగైదు అంగుళాల స్లాబు పైనుంచి వచ్చేదాన్ని నాలుగో వంతుకు తెస్తుంది, దూలాలు పరిచి అడుగు మందాన చౌడుమట్టి కప్పిన పాతకాలపు రాయలసీమ మిద్దె ఒకటి ఎక్కడైనా మిగిలి ఉంటే అది ఎనిమిదో వంతుకూ అంతకన్నా కిందికీ దించుతుంది. పాతవని పడగొట్టిన ఇళ్ళు ఈ ఒక్క విషయంలో కొత్తవాటికన్నా గట్టివి.

నీటి విషయంలోనూ జనంలో ఒక అపోహ ఉంది. కిరణాలు సోకినంత మాత్రాన నీళ్ళు విషం కావు. ధూళి వాటిలో పడితేనే ముప్పు. వాకిట్లో నేల కింద కట్టించుకున్న సంపు మీద మూత సరిగా ఉంటే, ట్యాంకర్ రాని రోజుల కోసం దాచుకున్న ఆ నీళ్ళే ఒక కుటుంబాన్ని వారాల తరబడి కాపాడతాయి. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల లెక్కన రెండు వారాలకు యాభై ఆరు లీటర్లు, అంటే మూడు వాటర్ క్యాన్లకు కొంచెం తక్కువ. బయటి నుంచి వచ్చినవారు పైబట్టలు విప్పేస్తే ఒంటి మీది ధూళిలో తొంభై శాతం దాకా పోతుంది. మిగిలినది సబ్బుతో ఒళ్ళూ తలా కడిగితే పోతుంది. పొటాషియం అయొడైడ్ మాత్ర గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథిని రేడియోధార్మిక అయొడిన్ నుంచి కాపాడేదే తప్ప సర్వరోగ నివారిణి కాదు, అధికారులు చెప్పినప్పుడే వేసుకోవలసినది. వంటింట్లోని అయొడిన్ ఉప్పు దానికి బదులు కాదు. తెలుసుకోవలసిన పదార్థశాస్త్రం ఒక గృహస్థుకు ఇంతకన్నా ఎక్కువ అవసరం లేదు.

ఇంత చెప్పినా, 'రాసిపెట్టి ఉంటే ఎక్కడున్నా తప్పదు' అన్న మాట ఒకటి మిగిలే ఉంటుంది. పోతులూరి వీరబ్రహ్మంగారి కాలజ్ఞానం ఇంటింటా వినిపించే రాయలసీమలో, జరగబోయే వినాశం ముందే చెప్పబడిందనీ, కాబట్టి చేయగలిగింది లేదనీ అనుకోవడం సులువు. కాని ఆ తర్కం కాలజ్ఞానాన్ని తలకిందులుగా చదవడమే. జరగబోయేదాన్ని చెప్పే ఏ సంప్రదాయమైనా వినేవాడు నడత మార్చుకుంటాడనే చెబుతుంది. మార్చుకోవడానికి వీలే లేకపోతే చెప్పడం వల్ల ప్రయోజనమేమిటి? మహాభారతం అనుశాసన పర్వంలో దైవపురుషకారాల్లో ఏది గొప్పదన్న ప్రశ్న సూటిగానే వస్తుంది. అక్కడ పురుషకారాన్ని పొలంతోను దైవాన్ని విత్తనంతోను పోల్చి, రెండూ కలిస్తేనే పంట అని తేల్చారు. వాన దేవుడి చేతిలో ఉందని తెలిసీ ఏటేటా వేరుశెనగకు దుక్కి దున్నే సీమ రైతుకు ఈ సిద్ధాంతాన్ని ఎవరూ నేర్పనక్కరలేదు. సన్నద్ధత భక్తికి విరుద్ధమైతే దుక్కి కూడా విరుద్ధమే కావాలి.

రెండో చిక్కుకు జవాబు శాంతిపర్వంలో ఉంది. అంపశయ్య మీది భీష్ముడు ధర్మరాజుకు రాజధర్మాలు చెప్పాక, ఆపద్ధర్మ పర్వం అనే భాగం మొదలవుతుంది. ఆపద్ధర్మం అంటే ఆపదలో మాత్రమే చెల్లే ధర్మం. మామూలు రోజుల్లో తప్పయినది ప్రాణాపాయంలో తప్పు కాకపోవచ్చునని ఒప్పుకుంటూ, ఆ ఒప్పుకోలుకు హద్దులు గీసే శాస్త్రం. తిక్కన తెనిగించిన ఈ పర్వాన్ని నేటి పాఠకులు చాలామంది రాజనీతి కోసమే చదువుతారు గాని, నిజానికి ఇది మన భాషల్లో ఉన్న అతి పాత విపత్తు నిర్వహణ గ్రంథం అనవచ్చు. మూడు చేపల కథ ఇందులోనే ఉంది. జాలరులు చెరువుకు గండ్లు కొట్టి నీళ్ళు తీసేస్తున్నప్పుడు, రాబోయేదాన్ని ముందే ఊహించే అనాగతవిధాత అనే చేప కాలువ వెంట వేరే మడుగుకు పోతుంది. అప్పటికప్పుడు ఉపాయం తోచే ప్రత్యుత్పన్నమతి వల తాడును కరచిపట్టి తప్పించుకుంటుంది. తొందరేముందనుకున్న దీర్ఘసూత్రుడు చస్తాడు. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వేవాడి కథగానే దీన్ని పిల్లలకు చెబుతారు. ఆ చెప్పడంలో జారిపోయే ఒక చిన్న సంగతి ఉంది: అనాగతవిధాత ఒంటరిగా పారిపోలేదు, ముందు మిగతా ఇద్దరికీ ప్రమాదం చెప్పి, వేరే మడుగుకు పోదాం రమ్మని పిలిచింది. వాళ్ళు రామన్నాకే కదిలింది. ముందుచూపుకు ఇతిహాసం ఇచ్చిన మొదటి లక్షణం పక్కవాడికి చెప్పడం.

అదే పర్వంలో పన్నెండేళ్ళ కరువు కాలంలో ఆకలికి సొమ్మసిల్లిన విశ్వామిత్రుడు ఒక చండాలుడి గుడిసెలోంచి కుక్కమాంసం దొంగిలించబోతాడు. విచిత్రమేమిటంటే, ఆ అర్ధరాత్రి మేలుకుని 'మహర్షీ, ఇది నీకు తగదు' అన్న ధోరణిలో శాస్త్రం విడమర్చి వాదించేది ఆ చండాలుడే. బతికి ఉంటేనే ధర్మం చేయగలనని ఎదురువాదించి మాంసం తీసుకుపోయేవాడు మహర్షి. ధర్మం ఏ కులం నోట పలుకుతుందో ముందే చెప్పలేమని ఆ కథ ఒక పక్కన చెబుతూనే, ప్రాణరక్షణను ధర్మానికి పునాదిగా నిలబెడుతుంది.

అయితే హద్దు ఎక్కడ? దానికి ఛాందోగ్యోపనిషత్తు మొదటి అధ్యాయంలోని ఉషస్తి కథను మించిన సమాధానం లేదు. వడగళ్ళతో పంటలు పాడైన కురుదేశంలో ఉషస్తి చాక్రాయణుడనే విద్వాంసుడు, ఏనుగులు గల ఊరివాడు ఒకడు తింటున్న గుగ్గిళ్ళను అడుగుతాడు. ఈ ఎంగిలివి తప్ప వేరే లేవంటే అవే పెట్టమంటాడు. తిన్నాక ఆ మనిషి తాగడానికి నీళ్ళివ్వబోతే వద్దంటాడు. ఎంగిలి గింజలు తిన్నవాడికి ఎంగిలి నీళ్ళు ఎందుకు పనికిరావని అడిగితే, అవి తినకపోతే బతికేవాణ్ణి కాదనీ, నీళ్ళయితే ఎక్కడైనా దొరుకుతాయనీ జవాబిస్తాడు. ఆపద ఇచ్చిన సడలింపు ఆపద ఉన్నంత మేరకే చెల్లుతుందని ఇంత తక్కువ మాటల్లో చెప్పిన చోటు మరొకటి కనబడదు. ఇస్లామీయ ధర్మశాస్త్రంలోని జరూరత్ సూత్రం కూడా దీనికి చాలా దగ్గరగా నడుస్తుంది: అవసరం నిషిద్ధాన్ని అనుమతిస్తుంది, కాని కోరికతో గాని హద్దు మీరి గాని కాదు. ఉషస్తి కథలో ఇంకో పాత్రను వ్యాఖ్యాతలు అంతగా పట్టించుకోరు. అతడు మిగిల్చి తెచ్చిన గింజలను భార్య, అప్పటికే తనకు భిక్ష దొరికింది కాబట్టి, తినకుండా దాచిపెట్టింది. తెల్లవారి అతడు రాజుగారి యజ్ఞానికి నడిచిపోయింది ఆ దాచిన పిడికెడు తిని. దాచడం అనే పనిని ఉపనిషత్తు తప్పుపట్టలేదు.

అలాంటప్పుడు దాచుకున్నవాడి తలుపు తట్టినవాడి సంగతేమిటి? ఈ ప్రశ్న 1961లో అమెరికాలో బాహాటంగానే చర్చకు వచ్చింది. బెర్లిన్ సంక్షోభం నాటి భయంలో అక్కడి కుటుంబాలు పెరట్లో చిన్న చిన్న ఆశ్రయాలు కట్టుకుంటున్నప్పుడు, ఎల్. సి. మెక్‌హ్యూ అనే జెస్యూట్ గురువు 'అమెరికా' అనే క్యాథలిక్ పత్రికలో ఒక వ్యాసం రాస్తూ, తన కుటుంబపు ఆశ్రయంలోకి బలవంతంగా చొరబడేవారిని ఆయుధంతోనైనా ఆపే హక్కు గృహస్థుకు ఉందని వాదించారు. వాషింగ్టన్ ఎపిస్కోపల్ బిషప్ ఆంగస్ డన్ వంటివారు ఎవరికి వారే అన్న ఆ పద్ధతిని గట్టిగా ఖండించారు. మెక్‌హ్యూ వాదాన్ని క్రూరమని కొట్టిపారేయడం సులభం, కాని అందులో ఒక బలమైన మెలిక ఉంది: తండ్రి తన ప్రాణాన్ని ఇతరులకు ఇచ్చుకోవచ్చు గాని, తన బిడ్డ ప్రాణాన్ని ఇచ్చే అధికారం అతడికి ఎక్కడిది?

మహాభారతంలో ఈ మెలికకు సరిపోయే రెండు కథలున్నాయి. ఒకటి ఆపద్ధర్మ పర్వంలోనే ఉన్న కపోతం కథ. తన ఆడపావురాన్ని పంజరంలో పెట్టిన వేటగాడే గాలివానకు తడిసి వణుకుతూ తన చెట్టు కిందికి వస్తే, శరణు వచ్చినవాడు అతిథేనని భార్య గుర్తుచేయగా, మగపావురం ఆకులు చేర్చి నిప్పు రాజేసి, పెట్టడానికి వేరే ఏమీ లేక తానే ఆ నిప్పులో దూకింది. రెండోది అశ్వమేధ పర్వంలో ముంగిస చెప్పిన సక్తుప్రస్థుడి కథ: కరువులో దొరికిన కాస్త పేలపిండిని నాలుగు వాటాలు చేసుకుని తినబోతున్న పేద కుటుంబం ముందుకు అతిథి వస్తే, ముందు ఇంటాయన తన వాటా ఇచ్చాడు, చాలలేదు, తరువాత భార్య, కొడుకు, కోడలు ఒక్కొక్కరే తమ తమ వాటాలను తామే తెచ్చి ఇచ్చారు. చిక్కి శల్యమైన కోడలి వాటా తీసుకోవడానికి మామగారు వెనకాడితే ఆమె వాదించి ఒప్పించింది. మెక్‌హ్యూ అడిగిన ప్రశ్నకు జవాబు ఈ వెనకాడటంలోనే ఉంది. ఎవరి వాటా వారే ఇవ్వాలి; ఇంటిపెద్ద తన త్యాగాన్ని ఇంటిల్లిపాది నెత్తిన రుద్దకూడదు. అదే సమయంలో, 'పిల్లలున్నారు' అన్న మాటను అడ్డం పెట్టుకుని తన వాటాను కూడా తాళం వెనక దాచుకునే వెసులుబాటును ఈ కథ ఇవ్వదు.

ఇక్కడ పదార్థశాస్త్రం ధర్మశాస్త్రానికి అనుకోని సాయం చేస్తుంది. 1961 నాటి తలుపు దగ్గరి సంకటం చాలావరకు ఆ ఆశ్రయాల కొలతల్లోంచి పుట్టింది: నలుగురికి సరిపడే గుంట తవ్వుకుంటే అయిదోవాడు శత్రువే అవుతాడు. స్లాబు ఇంటి నడి గదిలో గాని, బడి భవనపు కింది అంతస్తులో గాని పదిమందికి బదులు పదిహేనుమంది కూర్చుంటే, గోడలు ఆపే కిరణాల పాళ్ళు తగ్గిపోవు. ఒకరికి దక్కిన రక్షణ మరొకరి నుంచి లాక్కున్నది కాదు. కొత్తగా వచ్చినవాడు తెచ్చే ప్రమాదం ఒంటి మీది ధూళి, దానికి మందు గడప బయట ఒక బకెట్టు నీళ్ళు, ఒక సబ్బుముక్క, మార్చుకోవడానికి ఒక పాత పంచె. చావింటికి వెళ్ళి వచ్చినవారు వాకిట్లోనే బట్టలు తడిపి స్నానం చేసి లోపలికి వచ్చే ఆచారం ఉన్న ఇళ్ళకు ఈ క్రమం కొత్తది కాదు. నిజంగా తరిగిపోయేవి నీళ్ళూ తిండీ మాత్రమే, అవి ముందుగా పెంచుకోగలిగినవి. అంటే తలుపు మూయాలా తెరవాలా అన్న సంకటాన్ని సైరన్ మోగాక తర్కంతో విప్పలేం గాని, మోగకముందే మరో రెండు క్యాన్లతోను ఒక రాగుల మూటతోను చాలావరకు రాకుండా చేసుకోగలం. పరాయివాడి వాటాను ముందే లెక్కలో వేసుకున్న సన్నద్ధత ధర్మం. వేసుకోనిది కేవలం జాగ్రత్త.

చావింటి మైలతో చేసిన ఈ పోలికలో ఒక ప్రమాదం ఉందని కూడా ఒప్పుకోవాలి. కడిగితే పోయే ధూళికీ, కడిగినా పోదని సమాజం కొందరి మీద మోపిన అంటుకూ తేడా చెరిగిపోతే, అణుధూళి పేరుతో పాత వెలివేతలే తిరిగి వస్తాయి. ఒళ్ళు కడుక్కున్న మనిషి నుంచి కిరణాల జబ్బు పక్కవాడికి అంటుకోదు. ఈ సంగతి తెలియకో, తెలిసీ నమ్మకో, జపాన్‌లో బాంబు బాధితులకు పెళ్ళిళ్ళలోను ఉద్యోగాల్లోను ఏళ్ళ తరబడి వివక్ష ఎదురైంది. ఆ బాధితులు 1956లో స్థాపించుకున్న నిహోన్ హిదాంక్యో సంస్థకు 2024లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. అణుదాడి తరువాత బతకడం కన్నా చావడమే మేలని తేలిగ్గా అనేవారికి, బతికి, ఆ ఆయుధాలు వద్దని దాదాపు డెబ్బై ఏళ్ళు సాక్ష్యం చెప్పిన ఆ మనుషుల జీవితాలే తగిన సమాధానం.

సన్నద్ధత గురించి మాట్లాడటమే యుద్ధాన్ని మామూలు విషయంగా మార్చేస్తుందన్న ఆక్షేపణను తేలిగ్గా తీసుకోకూడదు. అణుబాంబు తయారీని నడిపిన శాస్త్రవేత్త ఓపెన్‌హైమర్ గీతను తలచుకున్న సంగతి అందరికీ తెలిసినదే, కాని అది అస్త్రం చేసినవాడి గీత. అస్త్రం కింద ఉన్నవాడికి పనికొచ్చేది సౌప్తిక పర్వం. అశ్వత్థామ వేసిన బ్రహ్మశిరోనామకాస్త్రం అణుబాంబేనని నిరూపించబోయే వ్యాసాలు కాలక్షేపానికి తప్ప దేనికీ కొరగావు. ఆ ఘట్టంలో పట్టించుకోవలసింది వేరే ఉంది: వ్యాసనారదులు అడ్డు నిలిస్తే అర్జునుడు తన అస్త్రాన్ని ఉపసంహరించగలిగాడు, అశ్వత్థామకు ఆ విద్య రాదు, అతడి అస్త్రం చివరికి పుట్టని బిడ్డ మీదికి పోయింది. అలాంటి అస్త్రం మరో అస్త్రంతో అణగిన దేశంలో పన్నెండేళ్ళు వాన కురవదని కూడా అక్కడే చెప్పారు. భారత పాకిస్తాన్‌ల మధ్య అణుయుద్ధం వస్తే నగరాల మంటల మసి ఆకాశాన్ని కమ్మి, ప్రపంచవ్యాప్తంగా వానలు 15 నుంచి 30 శాతం దాకా తగ్గవచ్చని 2019లో శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. భారతదేశం 2003 జనవరిలో ప్రకటించిన అణువిధానంలో ముందుగా ప్రయోగించబోమన్న మాట ఉంది. ఆ మాట నిలవాలని కోరుకోవడమూ, నిలవకపోతే ఏమిటని ఆలోచించుకోవడమూ ఒకదానికొకటి విరుద్ధం కావు.

రెండు వారాల తరువాత బయటికి వచ్చిన రేణిగుంటకు ఎదురయ్యేది కిరణాల కన్నా కరువే కావచ్చు, ఆ విషయంలో ఈ సీమకు అనుభవం తక్కువేమీ లేదు. 1876–78 నాటి ధాతు కరువు తరువాత ఇక్కడి ఇళ్ళలో జొన్న పాతరలూ, ఏళ్ళ తరబడి పుచ్చకుండా నిలిచే రాగులూ ఎందుకంత విలువైనవో ఎవరూ వివరించవలసిన పని లేకపోయింది. ధాన్యం దాచే పాతర ఒక ఇంటిది, కరువులో అందరికీ గంజి పోసే గంజితొట్టి ఊరిది. కరువు దాటడానికి రెండూ కావలసి వచ్చాయి. చిత్తూరు సీమ బిడ్డ తరిగొండ వెంగమాంబ పేరున తిరుమలలో నడుస్తున్న అన్నప్రసాద భవనం ఊరూ పేరూ అడగకుండా వచ్చినవారందరికీ రోజూ అన్నం పెడుతోంది. అలాంటి ఏర్పాటును ఆపదకాలానికి కూడా పొడిగించడం ఈ ప్రాంతానికి ఊహకందని పని కాదు. అయితే అంతకన్నా ముందు, సైరన్ వినగానే జనం ఏమవుతారన్నదే అసలు భయం: 2025 జనవరి 8 రాత్రి తిరుపతిలో వైకుంఠద్వార దర్శన టోకెన్ల దగ్గర జరిగిన తొక్కిసలాటలో, ఏ శత్రువూ లేకుండానే, ఆరుగురు చనిపోయారు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో విషవాయువు వెలువడినప్పుడు సైరన్ మోగనే లేదని ప్రభుత్వ కమిటీ తేల్చింది. మోగని సైరన్ ఎంత ప్రమాదమో, మోగినప్పుడు ఎటు పోవాలో తెలియని గుంపు అంతే ప్రమాదం.

కాబట్టి రేణిగుంటలో గృహస్థు చేయవలసింది తన ఇంటిల్లిపాదికి కావలసినంత లెక్క కట్టి, దానికి ఇద్దరు తెలియనివారి వాటా కలపడం, సంపు మూత బిగించి ఉందో లేదో చూసుకోవడం, గడప బయట బకెట్టు ఎక్కడ పెట్టాలో ఇంట్లో పిల్లలకు కూడా చెప్పి ఉంచడం. పంచాయతీ, రైల్వే, దేవస్థానం చేయవలసింది స్టేషన్ నుంచి నడిచిపోగల దూరంలో ఏ బడి, ఏ కల్యాణమండపం, ఏ సత్రం ఎంతమందిని లోపల ఉంచగలదో ఇప్పుడే తేల్చి, ఆ పేర్లను ప్లాట్‌ఫారం గోడల మీద తెలుగులోను తమిళంలోను హిందీలోను రాయించడం. ఇందులో ఏ పనికీ యుద్ధం వచ్చేదాకా ఆగనవసరం లేదు.